బురుజుకు అడ్డం కూర్చున్న అక్క

కంబదూరు దగ్గరి పల్లెలో పాత బురుజును కూల్చడానికి జేసీబీ వచ్చింది. సర్పంచి వాళ్ళక్క వెళ్ళి జేసీబీ ముందర కూర్చుంది. సర్పంచి పరుగెత్తుకొచ్చాడు.

"లెయ్యక్కా, బురుజు రోడ్డుకు అడ్డముండాది."

"రోడ్డునే వంకర పోనీ. నేను లెయ్యను."

"రాళ్ళకుప్ప కోసం ఊర్లో నా పరువు తీస్తాండావే!"

"రాళ్ళకుప్పనా? నాయనను బాంబులేసి చంపిన పొద్దు మనం యాడ దాక్కున్యామో తెలుసునా?"

"నాకేం తెలుసు? అప్పుడు నాకు మూడు నెలలంట."

"ఈ బురుజు పైనే రా! ఆ చంపినోళ్ళు మనకోసం కింద ఎతుకుతాంటే, నువ్వు ఏడుస్తావని నీ నోరు మూసి పట్టుకున్యా. నేను పదేండ్ల పిల్లను. చెయ్యి తీసి చూస్తే నీలంగా ఉండావు. సచ్చినావనుకున్యా."

"ఇన్నేండ్లూ చెప్పలేదే?"

"తమ్మున్ని చంపబోయినానని ఎట్ల చెప్పేది రా?"

సర్పంచి జేసీబీ ఎక్కి తాళంచెవి తానే తీసేశాడు.