ఉతకొద్దన్న చొక్కా

ఇదుగో, ఈ మూట చూడమ్మా, చూడు! నిన్న ఒక పెద్దావిడ తెచ్చి నా నెత్తిన పడేసి పోయింది. మనవడికి బొంత కుట్టాలట. లోపల ఏముందనుకున్నావ్? గొడుగు గుడ్డ! వాళ్ళాయన వాడిన గొడుగట. పసివాడికి కప్పే బొంతలో గొడుగు గుడ్డేంటమ్మా అంటే "ఆయన గుర్తు" అని కళ్ళు తుడుచుకుంటుంది. గుర్తే, కాదనను. సూది దిగాలా వద్దా?

కూర్చో కూర్చో, నిలబడే ఉన్నావేం? ఆ కుర్చీలో కత్తెరుంది, తీసి పక్కన పెట్టు. పాప పడుకుందా? భుజం మీదే ఉండనీ, ఇప్పుడు దించితే లేచి ఏడుస్తుంది.

మొన్న ఒక బస్సు డ్రైవరు వచ్చాడు. వాళ్ళ నాన్న బనీన్లు తెచ్చాడు. "నాయనా, ఇందులో గుడ్డకన్నా చిల్లులే ఎక్కువున్నాయి" అన్నాను. ఏమనుకున్నాడో ఏమో, మూట కట్టుకుని వెళ్ళిపోబోయాడు. మళ్ళీ నేనే వెనక్కి పిలిచాను. ఎవరి పిచ్చి వారికానందం. చిల్లు లేని చోట్లు చూసి అరచేతంత ముక్కలు తీశానులే.

ఆఁ? నీ బొంతా? అయిపోయిందమ్మా. శనివారమే అయిపోయింది. ఇస్తాను, ఇవ్వక ఎక్కడికి పోతాను? ఎండనపడి వచ్చావ్, కాసిన్ని మంచినీళ్ళు తాగు ముందు.

వద్దా. సరే.

ఇదుగో. పూర్తిగా విప్పి చూసుకో. చుట్టూ అంచు నీ పచ్చ చీరది. మధ్యలో ఈ తెల్ల గళ్ళు మీ అమ్మ దుప్పటి. ఆ నీలం ముక్కలన్నీ మీ ఆయన చొక్కావే. గుండీలు తీసేశాను, పిల్ల నోట్లో పెట్టుకుంటుందని. కాలరు మందంగా ఉంది, ఒత్తుకుంటుంది, అదీ తీసేశాను. జేబు మాత్రం జేబుగానే ఉంచాను. పెద్దయ్యాక అందులో చెయ్యి పెట్టి చూసుకుంటుంది కదా అని. దాని చుట్టూ కుట్టు మిషను మీద వెయ్యలేదు, చేత్తో వేశాను. లోపలి పొర పాత మెత్తని గుడ్డ. ఎక్కడా ముడి తగలదు, వేలు పెట్టి చూడు.

ఏంటమ్మా? అలా మొహం ఆనించి చూస్తున్నావ్? అదిగో, అక్కడ కాదు, ఇటు... జేబు దగ్గరా?

వాసన లేదా?

అది... గుడ్డ కదమ్మా. మూడు నెలలు నా దగ్గరుంది. పది మూటల మధ్య ఉంది. ఇస్త్రీ చేశాను. వాసన ఎంతకాలమని నిలుస్తుంది చెప్పు? అత్తరు సీసాలోనే నిలవదు, ఇక చొక్కాలోనా?

అలా చూడకు. నాకు అబద్ధం చేతకాదు, మొహం పట్టించేస్తుంది.

ఉతికానమ్మా. ఆ చొక్కా ఉతికేశాను.

నాకు గుర్తులేదనుకుంటున్నావా? నువ్వు వచ్చిన రోజు ఏం చెప్పావో అన్నీ గుర్తున్నాయి. నిండు నెలలతో, ఈ కుర్చీలోనే ఆయాసపడుతూ కూర్చున్నావ్. ప్రింటింగు ప్రెస్సు నుంచి బండి మీద ఇంటికొస్తూ దారిలోనే పోయాడన్నావ్. మర్నాడే మీ అత్త ఏం చెయ్యాలో తోచక అతని బట్టలన్నీ నానబెట్టి ఉతికేసిందన్నావ్. ప్రెస్సులో మేకుకి తగిలించిన చొక్కా ఒకటి మిగిలిపోతే, నెల తర్వాత యజమాని కాగితంలో చుట్టి పంపాడన్నావ్. "పిన్నీ, ఇదొక్కటే మిగిలింది. ఇందులోనే ఇంకా ఆయన ఉన్నారు. పుట్టబోయే బిడ్డకి నాన్నంటే ఇదే. ఉతకొద్దు పిన్నీ" అన్నావ్. ఒకసారి కాదు, గుమ్మం దాటి మళ్ళీ వెనక్కొచ్చి చెప్పావ్. నా మీద నమ్మకం చాలక, "ఉతకొద్దు" అని చీటీ రాసి పిన్నుతో గుచ్చి వెళ్ళావ్.

మరి ఎందుకు ఉతికానంటావా? మా పని అలాంటిదమ్మా. ఏ గుడ్డొచ్చినా ముందు మూడుసార్లు వేన్నీళ్ళలో ఉప్పేసి ఉతకాలి, అప్పుడే కత్తెర పెట్టాలి. లేకపోతే రంగు దిగుతుంది, ఒక ముక్క ముడుచుకుపోయి పక్క ముక్కని లాగేస్తుంది. పసిపిల్లల ఒంటికి తగిలేది కదా. ఏళ్ళ తరబడి ఇదే పని. మూట విప్పడం, బకెట్లో వెయ్యడం. అలవాటైన చెయ్యి ఆగుతుందా? చీటీ ఎక్కడో జారిపోయింది. చూసుకోలేదు. నీళ్ళలో నల్లగా సిరా దిగుతుంటే అప్పుడు చూశాను, అప్పటికే...

ఏడువమ్మా, ఏడువు. తిట్టు కావాలంటే. ముసల్దానా, కళ్ళు దొబ్బాయా అని తిట్టు. పడతాను.

ఏంటి?

పర్లేదంటావా?

"మరిచిపోయారు కదా పిన్నీ, మీరు మాత్రం ఏం చేస్తారు" అంటావా? అయ్యో, అలా అనకే తల్లీ. నాలుగు తిట్టినా బాగుండేది. ఆ మాట మాత్రం అనకు. తట్టుకోలేను.

ఆగు, వెళ్ళకు. కూర్చో. ఇంకొక్క మాట విని వెళ్ళు.

ఆ పిన్నుల డబ్బా ఇలా అందుకో. మూత తియ్యి. అడుగున చూడు. నీ చీటీయే కదా? జారిపోలేదమ్మా. నేనే తీశాను. పిన్ను పక్కన పెట్టి, చీటీ మడిచి ఇందులో దాచాను. ఆ తర్వాతే చొక్కా బకెట్లో వేశాను.

నాకొక కూతురుండేది. నీకు తెలియదు. ఈ వీధిలో ఎవరికీ తెలియదు. నాలుగేళ్ళ పిల్ల. నోరు తెరిస్తే మూత పడేది కాదు, వసపిట్ట. మూడు రోజులు జ్వరం వచ్చింది. అంతే. ఆసుపత్రి నుంచి ఉత్త చేతులతో ఇంటికొచ్చాం. మా ఆయన గుమ్మంలో కూలబడి ఏడుస్తుంటే, నేనేం చేశానో తెలుసా? దాని గౌన్లన్నీ పోగేసి నానబెట్టాను. జ్వరం బట్టలు, శుభ్రంగా ఉతకాలి అనుకున్నాను. పిల్లే లేదు, ఎవరికోసం శుభ్రం? ఆ మాత్రం తట్టలేదు నాకు. రుద్ది రుద్ది ఉతికాను. మరక లేకుండా ఉతికాను.

ఆరాక మడతపెడుతుంటే తెలిసింది. ఏ గౌను మొహానికి ఆనించుకున్నా సబ్బు వాసనే. దిండు గలీబు కూడా వదల్లేదు నేను. ఇల్లంతా వెతికాను, పిచ్చిదానిలా, చాప కింద కూడా వెతికాను. ఎక్కడా లేదు నా పిల్ల. కోపమొచ్చి అన్నీ మూటగట్టి ఎవరికో ఇచ్చేశాను. ముప్పై ఏళ్ళు దాటింది. ఇన్ని బొంతలు కుట్టానా, ఎవరెవరి అమ్మల చీరలో, తాతల పంచెలో కుట్టానా, నా పిల్ల గుడ్డ బెత్తెడు కూడా లేదు నా దగ్గర.

నువ్వు ఆ చొక్కా ఇచ్చి వెళ్ళిన సాయంత్రం వాసన చూశాను. తప్పే. ఎవరి మొగుడి చొక్కానో ముక్కుకి ఆనించుకోవడమేంటి, సిగ్గులేకుండా? సిరా, చెమట, కొబ్బరినూనె. మనిషి ఎదురుగా నిలబడ్డట్టే ఉందమ్మా. నువ్వు చెప్పింది నిజమే. అతను అందులోనే ఉన్నాడు. రెండో రోజూ చూశాను. మూడో రోజూ చూశాను. నాకు ముక్కూ మొహం తెలియని మనిషి ఇంత బాగా దొరుకుతున్నాడు, నా కడుపున పుట్టింది నాకు దొరకదేం అనిపించింది.

కడుపు మండిపోయింది.

ఈ పిల్లకి ఎవరు చెప్పారు దాచుకోవాలని? నాకెందుకు చెప్పలేదు ఒక్కరూ? నాకు లేనిది దీనికెందుకుండాలి? ఇదే అనుకున్నాను. ఇంత మాటా మనసులో అనుకున్నాను. అత్త మీద కోపం దుత్త మీద చూపించడమంటే ఇదే. నువ్వు పిన్నీ పిన్నీ అని పిలిచావ్, నేను నీ చీటీ తీసి దాచాను.

మరిచిపోలేదు తల్లీ. గుర్తుండే ఉతికాను. మూడుసార్లు ఉతికాను.

క్షమించమని అడగడానికి కూడా నోరు రావడం లేదు. దేనికని అడగను? కుట్టు తప్పితే విప్పి మళ్ళీ కుడతాను. గుడ్డ చాలకపోతే అతుకు వేస్తాను. దీనికేం వెయ్యను?

పోనీ, ఆ చొక్కా ఉతికాక నా మనసేమైనా చల్లబడిందా అంటే, అదీ లేదు. తీగ మీద ఆరేసి, అది ఆరేదాకా కింద కూర్చుని ఏడ్చాను. అంతకుముందు నీకైనా ఉండేది. ఇప్పుడు ఇద్దరికీ లేదు. అంతే.