మధ్యలో ఫోటో

“సార్, చచ్చిపోయినోళ్ళ ఫోటోల మధ్యలో మీ ఫోటో ఉండాది, బంతిపూల దండతో సహా!”

హిందూపురంలోని ఒక ప్రైవేటు స్కూల్లో ఆ రోజు మెక్సికో పండుగలు జరుపుతున్నారు. బయట పిల్లలు కళ్ళకు గంతలు కట్టుకుని కాగితపు గాడిదను కొడుతున్నారు. టీచరమ్మ మాట విని కరస్పాండెంటు టీ తాగడం ఆపేశాడు.

“చచ్చిపోయినోళ్ళా? అవి స్కూలు దాతల ఫోటోలు కాదా?”

“పిల్లోళ్ళ అవ్వాతాతలవి సార్. పోయినోళ్ళను పాటలతో తలుచుకునే పండగ. సర్క్యులర్‌లో రాసినా. మీరు సంతకం కూడా పెట్టినారు.”

“ఎవురైనా చూసినారా?”

“పేరెంట్సంతా మొక్కి పోతాండారు. సోమందేపల్లి ఆయమ్మైతే ఏడ్చింది. మీరు లోపల టీ తాగుతాండారని నేనే ఓదార్చినా.”

“గమ్మున తీసేయమ్మా.”

“తీస్తా. ముందు ఆ ఫోటో పెట్టిన దొంగను పట్టుకోవాల కదా? ఫోటోలుండే హాలు తాళాలు మీ దగ్గర, అటెండరు ఏసురత్నం దగ్గరే ఉండాయి. మీరు దేవుడిలాంటోరు. కాబట్టి వాన్ని పనిలోంచి తీసేసే కాగితం ఇదిగో. సంతకం పెట్టండి, చదవాల్సిన పనేం లేదు.”

“వాన్ని ఏమీ అనొద్దమ్మా. మధ్యలో జాగా ఖాళీగా ఉండాదని నిన్న సాయంత్రం నేనే పెట్టినా. అందరికీ దండలుండాయని నా దండ నేనే తెచ్చుకుని వేసుకున్నా.”