గాజులు పగలగొట్టే మామ్మ

అంకమ్మకి ఆ పిల్ల చెయ్యి కావాలంట. ఇంకేం వద్దంట. ఎవరి పిల్లంటారా? సొంత కూతురి పిల్లే. ఏమైందంటే, అంకమ్మకీ పిచ్చయ్యకీ ఒక్కతే కూతురు, కాన్పులో పోయింది. పసిగుడ్డు మిగిలింది, నాంచారి. అల్లుడు శేషయ్య ఏడాది తిరక్కుండానే రెండో పెళ్ళి చేసుకున్నాడు. చేసుకోనీ, తప్పేముంది, పిల్లకి పాలు పట్టేవాళ్ళు కావాలిగా. కానీ ఏమన్నాడూ, "పిల్ల దీన్నే అమ్మనుకుంటంది. మీరొచ్చి అమ్మమ్మా తాతా అంటే దాని మనసు విరిగిపోద్ది, ఇంక రాబాకండి" అన్నాడంట. పిచ్చయ్య పోయి పెద్దమనుషుల్ని కూర్చోబెట్టాడు. నెలకోసారి చూసొస్తామయ్యా, మంచినీళ్ళు కూడా అడగం అని చేతులు జోడించాడు. వాళ్ళు చుట్టలు కాలుస్తా ఆలోచించి ఆలోచించి, పిల్ల తండ్రిది, కూతురే లేనప్పుడు ఆ గడప మీద మీకేం హక్కుంది, పోండి అని తేల్చేశారంట. ఒక్క చుట్ట కాలినంత సేపట్లో!

అప్పుడు అంకమ్మ ఏం చేసిందనుకున్నారు? ఏడ్చింది. మూడేళ్ళు ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి లేచి, గాజుల మలారం భుజానేసుకుంది. మీరే చెప్పండమ్మా, గాజులమ్మిని ఏ గడప ఆపుద్ది? ఎవరి చెయ్యైనా పట్టుకునే మనిషి ఊళ్ళో ఇంకెవరున్నారు? శేషయ్య గుర్తుపట్టనే పట్టాడు. పట్టి, "యాపారానికొచ్చిన ఆడమనిషిని పొమ్మనను. అమ్మమ్మనని ఒక్క మాట అన్నావో, ఇదే ఆఖరు" అన్నాడంట. సరేనంది. నాలుగేళ్ళ నాంచారి వచ్చి చెయ్యి చాపింది. అంకమ్మ పట్టుకుంది. వేళ్ళు కూడదీసి, మెత్తగా నొక్కతా, ఒక్కో గాజూ ఎక్కిస్తంది. డజను గాజులు ఎంతసేపమ్మా? అయిపోవచ్చినై, చెయ్యి వదిలెయ్యాలి. అప్పుడు కావాలనే ఒకటి చిట్లగొట్టిందంట. తొడిగేటప్పుడు పగిలితే నష్టం అమ్మేవాళ్ళదేగా, మళ్ళీ ఇంకోటి తొడగాలి. ఇంకోటి తొడిగింది. అదీ చిట్లగొట్టింది. పిల్లకి గీసుకోకుండా మధ్యలో తన వేళ్ళు పెట్టేది, అవే కోసుకుపోయేయి. వీధి చివర పిచ్చయ్య కూర్చుని ఉండేవాడు. "ఎంత పెరిగింది?" అని అడిగేవాడంట. ఈవిడ ఒక గాజు తీసి ఆయన చేతిలో పెట్టేది, ఇదిగో ఇంత చెయ్యి అని. ఆయన దాన్ని తిప్పి తిప్పి చూసుకునేవాడు. పదమూడేళ్ళు నెలనెలా ఇదే పని.

నాంచారికి పెళ్ళి కుదిరింది. పెళ్ళికూతురికి గాజులు తొడగాలిగా, తననే పిలుస్తారని అంకమ్మ పచ్చగాజులు ఏరి ఏరి పెట్టుకుని కూర్చుంది. పిలవలేదు. ఏమైందంటే, ఆ పిల్లే అన్నదంట, "ఆ మామ్మ మంచిదే నాన్నా, కానీ పాపం తొడగటం రాదు, ఎప్పుడూ పగలగొడతది. పెళ్ళిపూట గాజు చిట్లితే అపశకునం, ఇంకెవర్నైనా పిలువు" అని. చూశారామ్మా, చెయ్యి పట్టుకోవడానికి చేసిన పనే అంకమ్మని ఆ చెయ్యికి దూరం చేసింది. పక్కూరి గాజులమ్మి పోతంటే అంకమ్మ దారిలో ఆపి, "ఇవి తొడుగు తల్లీ" అని తన గాజులు ఇచ్చింది. తొడిగితే ఒక్కటంటే ఒక్కటి చిట్లలేదంట, ఏదో జారినట్టు ఎక్కినై. నాంచారి ఆశ్చర్యపోయి, "నా చెయ్యి చూడకుండా ఇంత సరిగ్గా ఎట్టా తెచ్చావు?" అంది. "నేను తేలేదమ్మా, ఒక ముసలామె ఇచ్చింది. వీధి చివర కూర్చునుంది." శేషయ్య అక్కడే ఉన్నాడు. తల వంచుకున్నాడు. పిల్ల వాకిట్లోకి చూసింది, అంతే, పెళ్ళికూతురు గడప దాటకూడదాయె. మేళం మోగింది. అది విని ముసలోళ్ళిద్దరూ లేచి ఇంటికి పోయారంట.

అంతేనమ్మా. తర్వాతైనా ఆ పిల్లకి తెలిసిందా అంటే, నాకు చెప్పినోళ్ళు చెప్పలేదు. ఆ తీర్పు చెప్పిన పెద్దమనుషుల్లో మా తాత ఒకడు, అది మాత్రం చెప్పారు. అందుకే మా ఇంట్లో గాజులమ్మి చేతిలో గాజు చిట్లితే ఎవరం ఏమనం. ఇంకోటి తొడుగు తల్లీ, తొందరేం లేదు అని మళ్ళీ చెయ్యి చాపుతాం.