రెండు వజ్రాల మధ్య

పొద్దున్న, హాల్లో. శాస్త్రవేత్త అటూ ఇటూ నడుస్తూ రేపటి సన్మానసభకు ప్రసంగం చెబుతున్నాడు. పెళ్ళికి ముందు ఆయన ల్యాబ్‌లోనే సహాయకురాలిగా పనిచేసిన భార్య రాసుకుంటోంది.

"ఎక్కడిదాకా వచ్చాం?"

"'అల్పబుద్ధుల మధ్య' దగ్గర ఆగారు."

"ఆ. 'అల్పబుద్ధుల మధ్య ముప్పై ఏళ్ళు ఒంటరిగా పోరాడాను.'"

"రేపు ముందు వరుసలో కూర్చునేది వాళ్ళే కదండీ."

"కూర్చోనీ. అర్థమైతే కదా! మా డైరెక్టర్‌కి ఒత్తిడి అంటే రక్తపోటు ఒక్కటే తెలుసు. నువ్వు రాసుకో. 'భూమి లోపల దాదాపు మూడు వేల కిలోమీటర్ల లోతున శిల ఏ రూపంలో ఉంటుందో మొదట చూపించింది నేను. రెండు వజ్రాల మొనల మధ్య చిటికెడు కూడా లేని రాతిపొడిని అంత ఒత్తిడితో నొక్కి, ఎక్స్-రే వేస్తే, అంతకుముందు ఎవరూ చూడని నాలుగు గీతలు వచ్చాయి. ఆ నాలుగు గీతలే ఆ కొత్త రూపానికి ఆనవాలు...'"

"ఆగండాగండి. 'చూపించింది మేము' అని రాయనా?"

"మేమా? మేము అంటే ఎవరెవరు?"

"ఆ పొడి పెట్టింది నేను కదా."

"చివర్లో ఉందిగా, 'నా ఇల్లాలి సహకారం మరువలేనిది' అని."

"అది కాఫీలకి. నేనంటున్నది ల్యాబ్ సంగతి. ఒక్క వాక్యంలో నా పేరు. అంతకంటే అడగను."

"ఏం చేశావని? వజ్రాలు ఎంచింది నేను. లెక్కలు కట్టింది నేను. పేపర్ రాసింది నేను. నువ్వు సూదిమొనతో ఇంత పొడి తీసి, వజ్రాల మధ్య రేకుకున్న కన్నంలో వేశావు. దానికీ పేరేనా? ఉప్పు వేసినవాళ్ళంతా వంటవాళ్ళయిపోతారా?"

"ఉప్పు వెయ్యకపోతే తెలుస్తుంది లెండి."

"ఎదురు చెప్పకు. రాసుకో. 'తర్వాత రెండు ల్యాబ్‌ల వాళ్ళు ఆ గీతలు మాకు రాలేదన్నారు. ఆడలేక మద్దెల ఓడన్నారు.'"

"వాళ్ళు వాడిన రేకు వేరే లోహమండీ."

"ఏ రేకైతే ఏంటి? చేతకానితనానికి రేకు అడ్డమా?"

"మరి ఆ పిల్ల ఉత్తరం?"

"ఏ పిల్ల?"

"తెలీనట్టు అడుగుతారేంటి! పొడి పెట్టకుండా, మీరు వాడిన రేకుతోనే, ఉత్త వజ్రాల డబ్బా నడిపినా మీ నాలుగు గీతలే వచ్చాయని, దానిమీద పేపర్ వేస్తున్నానని రాసిన పిల్ల. మూడు వారాలైంది. జవాబివ్వలేదు మీరు."

"నిన్నగాక మొన్న పుట్టిన దానికి నేను జవాబివ్వాలా? ఖాళీ గిన్నె పొయ్యిమీద పెట్టి, పొంగిందని ఊరంతా చాటే రకం."

"పొంగిందండీ."

"ఏంటీ?"

"ఆ పిల్ల చెప్పింది నిజం. అవి రేకు గీతలు. అంత ఒత్తిడికి రేకు కూడా నలుగుతుంది కదా, గీతలు పక్కకి జరిగాయి. అందుకే కొత్తగా కనిపించాయి."

"ఓహో! వంటింట్లోంచి సిద్ధాంతాలు కూడా మొదలయ్యాయా? నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పక్కర్లేదు. గీతలొచ్చిన ఆ మొదటి రోజు నేను పొడి పెట్టలేదు."

"ఏం పెట్టలేదు?"

"పొడి."

"పెట్టానన్నావ్!"

"అన్నాను. సూదిమీదికి తీశాను. కన్నం దాకా తెచ్చాను. తుమ్మొచ్చింది."

"తుమ్మా!"

"తుమ్మే. ఎగిరిపోయింది. కంటికి ఆనని రేణువు, ఎక్కడని వెతకను? మళ్ళీ తీద్దామనుకునేలోగా మీరు తలుపు దగ్గర నిలబడి, 'ఎక్స్-రే మనకిచ్చిందే ఆరు గంటలు, అందులో గంట నీ నత్తనడకకే పోయింది, పెట్టావా లేదా మొద్దూ' అని అరిచారు. పెట్టాననేశాను. మూత బిగించేశాను."

"ఛీ! తుమ్ము మీద కట్టుకున్నానా నేను నా బతుకంతా?"

"ఏ గీతా రాదు, మళ్ళీ చేద్దామంటారులే అనుకున్నా. గీతలొచ్చాయి. మీరు గంతులేశారు."

"ఆగు, ఆగు. ఆ తర్వాత నేనే స్వయంగా పొడి పెట్టి ఎన్నిసార్లు నడిపాను! ప్రతిసారీ వచ్చాయి. ప్రతిసారీ!"

"రేకు ప్రతిసారీ ఉందిగా. నీళ్ళు తాగండి."

"నీళ్ళెవడిక్కావాలి! నీ నోట్లో నువ్వుగింజ నానదే, ఇదొక్కటే నానిందా ముప్పై ఏళ్ళు?"

"తుమ్ము సంగతి చెప్పే ధైర్యం లేక, తిప్పి అడిగాను. ఒకసారి ఖాళీగా నడిపి చూద్దామా సార్ అన్నాను. అప్పుడు మీరు నాకు సారే. ఏమన్నారో గుర్తుందా?"

"లేదు."

"'నీ బుర్ర ఖాళీ అని అన్నీ ఖాళీగానే చెయ్యాలా' అన్నారు. ల్యాబంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది, ఎందుకు నవ్వానా అని."

"మరి పెట్టని పొడికి పేరెందుకు కావాలి నీకు?"

"ఆ పిల్లకి జవాబు రాయడానికి. ఎక్కడా పేరు లేని మనిషి రాస్తే ఎవరు నమ్ముతారు? ఆ రోజు అక్కడున్నానని మీ నోటితో మీరు ఒక్కసారి అంటే చాలు."

"రాస్తావా! ఏమని రాస్తావు?"

"జరిగింది రాస్తాను. తుమ్ముతో సహా. ఏంటండీ, అలా చూస్తారు?"

"ఆ పిల్ల పేపర్ ఎప్పుడొస్తుందంది?"

"వచ్చే నెల."

"అంటే రేపటి సభ అయ్యాకే."

"అవును. ఎందుకు?"

"ఊరికే. ఆ రోజు ల్యాబ్ పుస్తకంలో, పొడి పెట్టినట్టు సంతకం ఎవరిది?"

"నాదే."

"నాది లేదుగా?"

"లేదు. అలాంటి చిల్లర పనులకి మీరు సంతకం పెట్టేవారు కాదు."

"మంచిది. ఆ కాగితాలు చింపెయ్. కొత్తవి తీసుకో."

"నా పేరు పెడతారా?"

"పెడతాను. రాసుకో. 'సభకు నమస్కారం. ముప్పై ఏళ్ళుగా దాచిన నిజం ఇవాళ చెబుతున్నాను. ఈ ఆవిష్కరణ నాది కాదు. మొదటి నుంచి చివరిదాకా నా భార్యదే.'"