కింది వరుస మడి

హలో… బ్రోంకా, నువ్వా! ఆఁ, నేనే, లెయొకాదియానే. ఈ నంబరుకి ఇంకెవరు పలుకుతారు?… ఆఁ, కూతురింట్లోనే. మంచం మీదే. తుంటి దగ్గర కుట్లు వేసిన చోట ఇంకా లాగుతోంది.

— రేపా? మునిసిపాలిటీ మనిషి మళ్లు చూడ్డానికి రేపే వస్తాడా?… వచ్చే వారం అన్నారుగా!

— ఆగు. నిదానంగా చెప్పు. మా కింది వరుస తోట మళ్లన్నీ కొత్త రోడ్డులో పోతాయి, మీ పై వరుస ఉండిపోతుంది. అది తెలుసు. సాగులో ఉన్న మడికే ఊరి అవతల బదులు మడి ఇస్తారు. అదీ తెలుసు. నాకెందుకు రాదు? మా ఆయన పోయాక కూడా ఒక్క ఏడాది బీడు పెట్టానా?

— … ఏం చేశారూ?

— నా పొదలన్నీ తవ్వుకెళ్లారా?

— ఉర్షులా చెప్పిందా. "అమ్మ ఇక రాదు" అని… నేను ఆసుపత్రిలో ఉన్నప్పుడు… ఊఁ… లేదు, ఏడవడం లేదు. ముక్కు దిబ్బడ.

— నిన్నేం అనడం లేదే. మన తోటల పద్ధతే అది. మడి వదిలిపోయినవాళ్ల మొక్కల్ని పొరుగువాళ్లు తలా ఒకటి తీసుకెళ్లి బతికిస్తారు. తెయోఫిల్ గారి గులాబీని నేను తెచ్చుకోలేదూ? కాకపోతే ఆయన చచ్చిపోయాడు. నేనింకా ఉన్నాను. మీరు కాస్త తొందరపడ్డారు, అంతే.

— నవ్వు, నవ్వు. నాకూ నవ్వే వస్తోంది.

— ఇప్పుడేముంది నా మడిలో?… బేరి చెట్టు. ఇంకా?… నడుం ఎత్తు గడ్డి. ఇంకేం, ఎవడు చూసినా బీడనే రాసుకుంటాడు.

— ఏంటా చప్పుడు? ఎక్కడున్నావే?

— పారలా?… అందరూ వచ్చారా? తీసుకెళ్లినవన్నీ తవ్వి మళ్లీ నా మడిలో పెడతారా? రేపతను వచ్చేసరికి పచ్చగా కనబడాలని… మీ కడుపు చల్లగుండ. కానీ ఆపు. ఆపమను!

— నీ దగ్గరున్న గూస్‌బెర్రీ పొదని పెకలించేశారా? కాయలతోనా? ఈ ఎండలోనా?… అయ్యో బ్రోంకా! వసంతంలోనే ఒకసారి కదిలించారు. ఇప్పుడు మళ్లీనా! అతను చూసి వెళ్లేదాకా నిలబడుతుంది. తర్వాత చస్తుంది. ఆకు రాలాక గానీ కదపకూడదని ఏ పుస్తకంలో చూసినా ఉంటుంది. పుస్తకాలెందుకు, నీకు తెలీదూ?

— అవును. బదులు మడి రాదు. తెలుసంటున్నాగా.

— నువ్వు విను… యుద్ధం అయ్యాక మా ల్వూఫ్ ఊరి నుంచి వెళ్లగొట్టి, రైల్లో పశువుల పెట్టెలో మమ్మల్ని తెచ్చి ఈ గ్లివీత్సెలో దింపినప్పటికి నువ్వు పుట్టలేదు. రైల్వే వాళ్లు మా నాన్నకి ఈ మడి ఇచ్చారు. అప్పటికే ఆ బేరి చెట్టు నిండా కాయలు. ఎవరో జర్మన్ ఇల్లాలు నాటిందట. ఆవిడనీ మూట కట్టుకోమన్నారు. మా అమ్మ మొదటి కాయ కొరికి, ఉమ్మేసింది. మళ్లీ తనే కింద నుంచి ఏరుకుని తింది. ఆకలి మరి… ఆ చెట్టుని పై వరుసకి ఎవరూ మోయలేరు. పొదలనైనా మీ దగ్గరే ఉండనీ.

— మడి లేకపోతే ఎక్కడ కూర్చుంటానా? నీ బెంచీ మీద… నువ్వున్నన్నాళ్లూ సరే. నువ్వూ వెళ్లిపోతే? నీ మడి ఎవరికిస్తారో, వాళ్లు గేటు తీస్తారో లేదో… సరే, సరే. రాని కష్టానికి ముందే ఏడవడం నాకు అలవాటేగా.

— ఉర్షులానా? ఇంట్లో లేదు… ఏమంటాను? నేను మళ్లీ అక్కడ జారిపడతానని దానికి భయం. ఒక్క మాట నాతో చెప్పి ఉండాల్సింది.

— ముందు పొద సంగతి చూడు. మీ మడిలో, అదే గుంటలో పెట్టు. కాయలన్నీ దూసెయ్, పచ్చివైనా సరే. కొమ్మలు సగానికి కత్తిరించు. పైన పాత దుప్పటి కట్టు, నీడకి… కాయలు పారెయ్యకు. పంచదారలో ఉడికించి నాకో జాడీ పంపు… పుల్లగానా? నీ నోటికంటే కాదులే.

— అలా నిలబడిపోయారా అందరూ? దొంగల్లాగా… చెప్పు వాళ్లకి, లెయొకాదియా వద్దందని. రేపు ఆ మనిషికీ అదే చెప్పు… అవును. బీడనే రాసుకోనీ.

— పెట్టేశావా? మట్టి గట్టిగా తొక్కు. నీళ్లు పొయ్యి, మొదలు దగ్గర… ఆగు, ఫోను దగ్గరగా పెట్టు. ఇంకా కిందికి.

— ఊఁ… నీళ్లు ఇంకడం వినబడుతోంది.

— ఇంకో డబ్బా పొయ్యి… ఆపకు…

— బ్రోంకా?… హలో?… లైను పోయిందా?…