లా పాజ్ మీద ఎగిరిన కుక్కర్

“నేనొచ్చేదాకా కుక్కర్ మూత తీయకండర్రోయ్!”

ఇంగ్లండులో లెస్టర్‌లో, పిన్నీవాళ్ళింట్లో ఆ ఆదివారం మధ్యాహ్నం వీధి చివర్నించి కేక వినబడేసరికి తేజ నెత్తి కొట్టుకున్నాడు. పెరుగు డబ్బా చంకన పెట్టుకుని కోతలరాయుడు బాబాయ్ శేషగిరి వచ్చేస్తున్నాడు. తేజ పక్కన మార్తా కూర్చుని ఉంది. తేజ పెళ్ళాడదామనుకుంటున్న పిల్ల, ఊరు బొలీవియాలో లా పాజ్. ఆమె వచ్చి అరగంటయినా పిన్ని అలివేలుమంగ వంటగదిలోంచి బయటికి రాలేదు. పిన్ని ఊఁ అంటేగానీ ఇండియాలో అమ్మ ఊఁ అనదు.

“లా పాజా! ఆఫీసు పనిమీద వెళ్ళొచ్చానమ్మా!” సగం ఇంగ్లీషు, సగం తెలుగు కలిపి అందుకున్నాడు బాబాయ్. తెలుగు సగం తేజ ఆమెకి అందించాడు. “ఎంత ఎత్తంటే, విమానం కూడా పైకే దిగాలి! నీళ్ళు మరుగుతాయిగానీ వేడెక్కవు. పొద్దున పడేసిన కందిపప్పు సాయంత్రానికీ గింజ గింజలాగే ఉంది. అప్పుడు నా పెట్టెలోంచి కుక్కర్ తీశాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?”

“పప్పుడికింది,” అన్నాడు తేజ.

“పప్పేమిట్రా, ఊరే ఉడికింది! విజిల్ వినగానే సంతలో దుంపలమ్మే ఆడవాళ్ళంతా, ఆ కుచ్చిళ్ళ లంగాలూ, నెత్తిన గుండ్రటి టోపీలూ, హోటల్ ముందు క్యూ. వెనకాల వాళ్ళ బరువులు మోసే లామా జంతువులూ క్యూలోనే! రెండో విజిల్‌కి మూత లేవబోతే, కుస్తీలు పట్టే ఒకావిడ ఎగిరి మూతమీద కూర్చుంది. ఆగుతుందా? కుక్కరూ, మీద ఆవిడా, పిడి పట్టుకుని నేనూ, గాల్లోకి! ఊరిమీద తీగలకి వేలాడుతూ వెళ్ళే కేబుల్ కార్లలో జనం చేతులూపారు. ఆ ఆవిరికి ఎదురుగా మంచుకొండ సగం కరిగింది. కిందికి దిగాక మేయరు నన్ను కావలించుకుని, మా ఊరికి కుక్కర్ చూపించిన మొదటి మనిషివి నువ్వేనయ్యా అని ఒకటే ఏడుపు!”

మార్తా పొట్ట పట్టుకుని నవ్వింది. “అంకుల్, మా ఊళ్ళో కుక్కర్ లేని ఇల్లుండదు. అది లేకపోతే మాకేదీ ఉడకదు. నేనిక్కడికి చదువుకి వస్తుంటే మా అమ్మ బట్టలు తీసేసి మరీ పెట్టెలో కుక్కర్ పెట్టింది.”

తేజ ఆ మాట తెలుగులో గట్టిగా చెప్పాడు. వంటగదిలో గరిటె చప్పుడు ఆగింది. పిన్ని చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకొచ్చింది.

“వాళ్ళమ్మ కూడానా? మా అమ్మ నా పట్టుచీరలు తీసేసి పెట్టింది! మీకు ఎన్ని విజిల్సమ్మా?” తేజ మళ్ళీ అటూ ఇటూ మాటలందించాడు.

“మాది విజిల్ వేయదు ఆంటీ. బుసకొడుతూనే ఉంటుంది.”

“మీ అంకుల్‌లాగ,” అంది పిన్ని. మార్తా చెయ్యి పట్టుకుని లేపింది. “రా, మూత నువ్వే తీద్దువుగాని.”

ఆవిరి గుప్పుమంది. నలుగురూ కూర్చున్నారు. పిన్ని మొదటి గరిటె మార్తా పళ్ళెంలోనే వేసి, పైన నెయ్యి కూడా వేసింది.

“మంచుకొండ కరిగిన మాట మాత్రం నిజమేనమ్మా,” అన్నాడు బాబాయ్, పప్పన్నం కలుపుకుంటూ.