వెనక్కి కాల్చే ఓడ

మధ్యాహ్నం మూడు. రేవులో క్రేన్ నడిపే అతను మంచం మీద ఫోన్ పట్టుకుని కూర్చున్నాడు. ఆసుపత్రి నుంచి వచ్చిన భార్య గుమ్మంలో చెప్పులు విడుస్తోంది.

“ఇంకా ఆ ఆటేనా?”

“ఒక్క నిమిషం. ఒక్క నిమిషమే. టార్పెడోలు వస్తున్నాయి.”

“నాలుగింటికి విచారణ. నాలుగంటే నాలుగింటికే పిలుస్తాడట ఆఫీసరు. చొక్కా కూడా మార్చుకోలేదు మీరు.”

“మారుస్తా, మారుస్తా. అబ్బా, తగిలింది! నువ్వు గుమ్మంలో నిలబడి మాట్లాడితే ఇంతే.”

“అవును, మీ ఓడ మునిగినా నేనే కారణం.”

“మునగలేదింకా. జర్మన్ యుద్ధనౌక ఇది, లైట్ క్రూయిజర్, అంత తేలిగ్గా... నీకేం తెలుస్తుందిలే. వాడెలా ఉన్నాడు?”

“ఎవడు?”

“ఎవడేంటి, మీ తమ్ముడు.”

“వచ్చి చూస్తే తెలుస్తుంది. ఐదు రోజులైంది. బావ వచ్చాడా, బావ వచ్చాడా అని ఒకటే అడగడం.”

“వస్తా. ఈ విచారణ గోల కానీ. వాడేగా నాకీ ఆట నేర్పింది, నాకు మాత్రం ఉండదా? ఈ ఓడ కూడా వాడు చెబితేనే తీసుకున్నా. మూడు చోట్ల ఫిరంగులు. ఒకటి ముందు, రెండు వెనక. ఎదురెళ్తే చస్తాం. వెనక్కి తిరిగి పారిపోతూ కాల్చాలి.”

“పారిపోతూనా?”

“అదే కిటుకు. రేకు పల్చన, దెబ్బకి ఆగదు. కానీ కిటుకు తెలిస్తే తిరుగులేదు. సోమవారం ఒక్క ఆటలో నాలుగు ఓడలు ముంచా, తెలుసా!”

“సోమవారమా?”

“ఆఁ.”

“సోమవారం ఎప్పుడు? పొద్దున ఆరింటికి క్రేనెక్కారు. పదకొండింటికి కింద మీకు సైగలిస్తున్న తమ్ముడి చేతి మీద ఇనప చువ్వల కట్ట పడింది. ఇంటికొచ్చాక గోడకేసి చూస్తూ కూర్చున్నారు, ఫోన్ ముట్టలేదు.”

“అదే... టీ టైంలో.”

“టీకి కిందికి దిగలేదన్నారుగా.”

“పైనే తాగా. అయితే ఆదివారమేమో! ఏ వారమో నాకేం గుర్తు? ఏంటలా గుచ్చి గుచ్చి అడుగుతావు, ఆ ఆఫీసరులాగా?”

“ఆపమని మూడుసార్లు ఈల వేశాడట వాడు.”

“ఇంజన్ రొదలో వినపడలేదని చెప్పానా లేదా! ఎన్నిసార్లు చెప్పాలి? వాడేమంటున్నాడు? అది చెప్పు ముందు. వాడేమంటున్నాడు?”

“ఇదిగో కాగితం.”

“ఏంటిది?”

“చదవండి.”

“‘తప్పు నాదే. కొక్కెం సరిగ్గా తగిలించకుండానే ఎత్తమని సైగ చేశాను. మా బావ తప్పేమీ లేదు.’ వాడిచ్చాడా? వాడే?”

“కింద మీరు కూడా సంతకం పెడితే ఆఫీసరుకి ఇచ్చేయొచ్చు. జరిగింది ఇదే అని.”

“పిచ్చి వెధవ. బంగారంలాంటివాడు. మరి వాడి ఉద్యోగం?”

“పోతుంది. తప్పు ఒప్పుకున్నాక ఎవరుంచుతారు?”

“మనం చూసుకుందాం వాణ్ణి. మనింట్లోనే ఉంటాడు. నా ఉద్యోగం నిలిస్తే అందరం... కదా? నువ్వేమంటావు?”

“నేనేమీ అనను. మీ ఇష్టం.”

“అలా చూడకు నన్ను. పెన్నేదీ?”

“ఇదిగో. ఇంకోసారి ఆలోచించుకోండి.”

“ఆలోచించడానికేముంది, టైమెక్కడుంది! ఇదిగో, పెట్టేశా. అమ్మయ్య! ఐదు రోజుల్నించీ గుండెల మీద బండ. సాయంత్రం వెళ్తాలే వాడి దగ్గరికి. ఆ చొక్కా ఇటివ్వు. ఏంటి... ఏడుస్తున్నావా?”

“వాడి కుడిచెయ్యి పొద్దున్నే తీసేశారండీ. ఆ కాగితం నేను రాసింది, మీరు సంతకం పెట్టరనుకుని.”